ఇరుకు బోర్డులో ఇమిడిన ఊరు

నందిగామ బస్టాండు. పొద్దున్నే టీ గ్లాసుల గలగల, ఆటోల మోత. అంతలో మలుపు తిరిగి ఓ పల్లెవెలుగు బస్సు లోపలికొస్తుంది. ఇంకా ఆగనేలేదు... అరుగు మీద కూర్చున్న ముసలమ్మ సంచీ భుజాన వేసుకుని లేచి నిలబడుతుంది. ఆమెకు చదువు రాదు. అయినా అద్దం వెనకాల ఉన్న రేకు బోర్డును చూసి తన ఊరి బస్సేనని పోల్చుకుంటుంది. అక్షరాలు కూడబలుక్కుని కాదు, వాటి వాలకాన్ని బట్టి!

ఆ బోర్డు మీద ఉన్న పేరు వీరులపాడు.

మూరెడు రేకు. దాని మీద ఎక్కిన ఊరు, దిగాల్సిన ఊరు, మధ్యలో తగిలే ఊరు... మూడూ పట్టాలి. పైగా యాభై గజాల దూరం నుంచి కనపడాలి. అలాగని అక్షరాలు చిన్నవి చేస్తే కనపడవు, పెద్దవి చేస్తే పట్టవు. అప్పుడు పెయింటరు చేసే పని ఒక్కటే. అక్షరం ఎత్తు తగ్గించడు. వెడల్పు తగ్గిస్తాడు. పక్కల నుంచి నొక్కి, నిలువుగా సాగదీసి, కాస్త కుడివైపుకు వాలుస్తాడు. గుండ్రటి తెలుగు అక్షరం సన్నగా, పొడుగ్గా, ఎదురుగాలికి సైకిలు తొక్కుతున్న మనిషిలా ముందుకు వంగుతుంది. ఇప్పుడు పట్టణాల్లో కాఫీ హోటళ్ల గోడల మీద, సినిమా టైటిళ్లలో 'పాతకాలం స్టైలు' అని ముచ్చటపడి వాడుతున్న అక్షరం ఇదే. నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతంలో అది స్టైలు కాదు. చోటు చాలక పుట్టిన ఉపాయం.

ఐదక్షరాల అదృష్టం

కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో వీరులపాడు ఓ మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగాక ఇది ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. వైరా, కట్టలేరు పారే నేల. ఉత్తరాన కాస్త దూరం పోతే తెలంగాణ. డెల్టాలోలా కాలవ గట్లూ కొబ్బరిచెట్లూ కనపడవు. పత్తిచేలు, మిరపతోటలు, నీళ్లందిన చోట వరి, బీడుల్లో బారులు తీరిన సుబాబుల్ తోటలు. మాట్లాడే యాస కూడా కొంచెం బెజవాడ, కొంచెం మధిర.

బోర్డు రాసేవాడి కళ్లతో చూస్తే ఈ ప్రాంతంలో ఊళ్లన్నీ ఒక తీరు కాదు. 'వీరులపాడు' అన్న పేరులో ఐదక్షరాలు. ఒక్క వత్తు లేదు. గీత కింద ఏమీ వేలాడదు. పైన 'వీ' గుడిదీర్ఘానికీ, 'పా' దీర్ఘానికీ చోటిస్తే చాలు, కుంచె సాఫీగా సాగిపోతుంది. 'నందిగామ' కూడా అంతే... నాలుగక్షరాలు, నాలుగు దెబ్బల్లో పని అయిపోతుంది.

అసలు పరీక్ష పక్క ఊళ్ల దగ్గర మొదలవుతుంది. జుజ్జూరులో జకారం కింద మరో జకారం. అల్లూరు, పొన్నవరం ఒక్కో వత్తుతో సరిపెట్టుకుంటాయి. చట్టన్నవరానికి రెండు. కంచికచర్ల ఆఖరి అక్షరం దాకా బుద్ధిగా వచ్చి చివర్లో ఓ వత్తు వేలాడదీస్తుంది. ఇక జగ్గయ్యపేట! 'గ్గ' పక్కనే 'య్య'. రెండు వత్తులూ ఒకదాన్నొకటి భుజాలతో నెట్టుకుంటాయి. అక్షరాలు విడగొడితే బోర్డు చాలదు, దగ్గరచేస్తే వత్తులు కలిసిపోతాయి.

ఇక్కడే వాలు ఆదుకుంటుంది. తెలుగులో వత్తు అక్షరానికి కిందా, కాస్త కుడివైపునా ఉంటుంది. అక్షరాన్ని కుడికి వాలిస్తే తల కుడికి జరుగుతుంది, కాళ్లు ఎడమకు జరుగుతాయి. దాంతోపాటు కింద ఉన్న వత్తు కూడా ఎడమకు జరిగి, సొంత అక్షరం నీడలోకి వెళ్లిపోతుంది. పక్కవాడి చోటు ఆక్రమించదు. బస్సు వేగాన్ని సూచించడానికి అక్షరాన్ని వాల్చారని అనిపిస్తుంది కానీ, అందం ఒక్కటే కాదు, అవసరం కూడా ఉంది. వాలిన అక్షరాల వరసలో 'జగ్గయ్యపేట' నిటారు వరసలో కంటే సుఖంగా ఒదుగుతుంది.

దారం కొడితే వరస

వీరులపాడు మండలంలోనే కాదు, మెట్టప్రాంతంలో ఏ ఊరికి వెళ్లినా రోడ్డు వైపు గోడ ఖాళీగా ఉండటం అరుదు. ఆ గోడల్ని వరసగా చదువుకుంటూ పోతే ఊరి పంచాంగం తెలుస్తుంది. తొలకరికి ముందు పత్తి విత్తనాలు. పూత సమయానికి పురుగుమందులు, ఎరువులు. పంట చేతికొచ్చాక సిమెంటు, ఇనుము, రంగులు. జగ్గయ్యపేట పక్కన జయంతిపురంలో సిమెంటు ఫ్యాక్టరీ ఉంది కాబట్టి ఆ కబురు ఇంకాస్త గట్టిగా వినిపిస్తుంది. వేసవిలో కాలేజీ సీట్లు. అయిదేళ్లకోసారి ఓట్లు.

గోడ రాయడానికి ఓ పద్ధతుంది. ముందు పాత రాత మీద సున్నం కొడతారు. ఆరాక రంగుపొడి అద్దిన దారాన్ని ఇద్దరు చెరోవైపు లాగిపట్టుకుని, మధ్యలో ఎత్తి వదులుతారు. టప్‌మని గోడకు తగిలి గీత పడుతుంది. అక్షరాల తలకు ఒకటి, పాదానికి ఒకటి. ఇంగ్లీషు పెద్దక్షరాలకైతే ఆ రెండే చాలు. తెలుగుకు చాలవు. గుడులకూ ఏత్వాలకూ పైన కొంత, వత్తులకు కింద కొంత వదలాలి. అంటే రెండడుగుల పట్టీలో అసలు అక్షరానికి దక్కేది అడుగే. ఎత్తులో ఇంత పోతోంది కాబట్టే వెడల్పులో ఆదా చెయ్యక తప్పదు.

తర్వాత సుద్దముక్కతో లెక్క. ఎన్ని అక్షరాలు, ఏది వెడల్పు, ఏది సన్నం. 'య', 'ఘ', 'మా' లాంటివి పెద్ద సంసారాలు. 'ర', 'ల', 'గ' సర్దుకుపోయే రకం. కొమ్ములూ దీర్ఘాలూ పక్కకి పాకే స్వభావం ఉన్నవి. అనుభవం ఉన్న చెయ్యి అన్నింటినీ ఒకే కొలతకు నొక్కదు. సర్దుకోగలిగిన దాన్ని సర్దిస్తుంది, సర్దుకోలేని దానికి చోటిస్తుంది. 'ర' పొట్టను సన్నం చేసి కోడిగుడ్డును నిలబెట్టినట్టు చేస్తుంది. కొమ్మును పక్కకు పోనీయకుండా పైకి లేపుతుంది. తలకట్టును ఒక్క ఏటవాలు గీతగా మారుస్తుంది.

అన్నింటికంటే ముఖ్యమైన సంగతి మరోటి ఉంది. అక్షరం ఎంత ఇరుకైనా గీత మందం మారదు. చేతిలో ఉన్న బద్ద కుంచె వెడల్పెంతో గీత అంతే. తగ్గేది లోపలి ఖాళీ. గీత బలం అలాగే ఉంటుంది కాబట్టి సన్నటి అక్షరం కూడా దూరానికి నల్లగా, దిట్టంగా కనిపిస్తుంది. ఆఖరున కుడిపక్కన, కిందా ఇంకో రంగుతో నీడ వేస్తారు. పెయింటర్ల మాటల్లో 'షేడు'. అది పడగానే అక్షరం గోడ మీంచి లేచి బయటకొచ్చినట్టుంటుంది.

రోడ్డు పక్క గోడకు ఇంకో చిక్కుంది. బస్సులో వెళ్లేవాళ్లు దాన్ని ఎదురుగా చూడరు, ఏటవాలుగా చూస్తారు. అలా చూసినప్పుడు ఇరుకు అక్షరం మరింత ఇరుకవుతుంది. అందుకే నొక్కిన అక్షరాల మధ్య ఖాళీ మాత్రం నొక్కకూడదు. ఈ సూత్రం ఏ పుస్తకంలోనూ చదివి నేర్చుకున్నది కాదు. గురువు పక్కన రంగుడబ్బా పట్టుకుని నిలబడి, రాసిన గోడను రోడ్డవతలి నుంచి చూసి నేర్చుకున్నది.

వెనిస్ నుంచి వెండితెర దాకా

చోటు కోసం అక్షరాన్ని వాల్చడం మన దగ్గరే పుట్టిన ఆలోచనేమీ కాదు. ఇటలీలోని వెనిస్ నగరంలో ఆల్డస్ మనూషియస్ అనే ప్రచురణకర్త 1501లో లాటిన్ కవి వర్జిల్ రచనల్ని చేతిలో ఇమిడే చిన్న పుస్తకంగా అచ్చేశాడు. దానికోసం ఫ్రాంచెస్కో గ్రిఫో అనే అచ్చక్షరాల పనివాడు అప్పటి లేఖకుల చేతిరాతను చూసి సన్నటి, వాలు అక్షరాల్ని లోహంలో చెక్కాడు. వాటికే తర్వాత 'ఇటాలిక్' అన్న పేరు స్థిరపడింది. అక్షరాల చివర్ల ఉండే చిన్న అడ్డగీతల్ని తీసేసి, మొండిగా వదిలేసిన అచ్చక్షరాలు 1816లో లండన్‌లో కాస్లన్ వారి నమూనా పుస్తకంలో మొదటిసారి కనిపించాయి. 1827లో అమెరికాలో డేరియస్ వెల్స్ కొయ్య అక్షరాల్ని యంత్రంతో పెద్దయెత్తున తయారుచెయ్యడం మొదలుపెట్టాడు. దాంతో సర్కస్, నాటకం, ఓడ ప్రయాణం... ప్రతి ప్రకటనలోనూ నిలువుగా సాగిన ఇరుకు అక్షరాలు గోడలెక్కాయి.

తెలుగు అచ్చు వేరే దారిలో నడిచింది. సీసపు అక్షరాల కాలంలో ఒక్కో వత్తుకూ ఒక్కో గుణింతానికీ వేరే అచ్చు పోతపోయాలి. మామూలు అక్షరాలకే వందల అచ్చులు కావాలి. ఇక వాలు అక్షరాలకు మరో పెట్టె ఎవరు పోతపోయిస్తారు? అందుకని పుస్తకాల్లో తెలుగు నిటారుగానే నిలబడింది. వాలింది చేతిరాతలో. పత్రికల్లో కథల శీర్షికలు, సినిమా పోస్టర్లు, షాపుల బోర్డులు... అచ్చు చెయ్యలేని పనిని కుంచె చేసింది.

'సాక్షి' (1967) సినిమా ఇక్కడ గుర్తుకొస్తుంది. దర్శకుడిగా బాపుకు అదే తొలి చిత్రం. పబ్లిసిటీ డిజైనరుగా ఈశ్వర్ తొలి అడుగూ అందులోనే. బాపు చేతిరాత తర్వాత తెలుగువాళ్ల ఇళ్లలో పెళ్లి శుభలేఖలదాకా పాకింది. ఈశ్వర్ దశాబ్దాలపాటు వందలాది సినిమాల పేర్లను రాసి, ఆ అనుభవాన్ని 'సినిమా పోస్టర్' అనే పుస్తకంగా తెచ్చారు. మద్రాసులో పుట్టిన పోస్టరు రాత్రికి రాత్రి రైలెక్కి బెజవాడ చేరేది. అక్కడి నుంచి నందిగామ టూరింగు టాకీసు గోడ మీదికి. పల్లెల్లో రాత నేర్చుకునే కుర్రాడికి ఆ పోస్టరే పాఠ్యపుస్తకం. దాన్ని చూసి గోడ మీద బొగ్గుతో దిద్దినవాడే తర్వాత ఎరువుల ప్రకటన రాశాడు. సినిమా అక్షరానికీ పురుగుమందు అక్షరానికీ పోలిక కనిపించడం అందుకే.

గోడే బడి

ఈ అక్షరాలు అమ్మకాలకే పనికొచ్చాయనుకుంటే పొరపాటు. 1982 మార్చి 29న ఎన్టీ రామారావు పార్టీ పెట్టారు. 1983 జనవరిలో ఎన్నికలు. మధ్యలో ఉన్నది తొమ్మిది నెలలే. టీవీ పల్లెలకు చేరని రోజులు. కొత్త పార్టీ పేరునూ, సైకిలు గుర్తునూ ఊరూరికీ చేర్చిన వాటిలో గోడరాత ఒకటి. అంతకు చాలాముందు నుంచే కమ్యూనిస్టులకు పట్టున్న ఈ ప్రాంతంలో ఎర్రరంగు నినాదాలు పల్లెలకు అలవాటే. ఆ రాతల్లో వాలు ఎక్కువ. రాత్రిపూట, తొందరగా రాసెయ్యాల్సిన చెయ్యి నిటారుగా రాయదు మరి!

కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం, 1995లో దేశమంతటా మొదలైన పల్స్ పోలియో 'రెండు చుక్కలు', అక్షరాస్యత పిలుపులు... ప్రభుత్వమూ పల్లెతో మాట్లాడింది గోడల ద్వారానే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువుల కేంద్రాల నుంచి సారా వ్యతిరేక ఉద్యమం లేచినప్పుడు, కొత్తగా అక్షరాలు నేర్చిన ఆడవాళ్ల చేతిలో చదువు ఎంత పదునో రాష్ట్రమంతా చూసింది. అలా కొత్తగా చదువు నేర్చినవాళ్లకు ఎదురుగా కనపడే పెద్దక్షరాలు ఎక్కడున్నాయి? ఇంట్లో పుస్తకం ఉండదు. గోడ మీద, బస్సు మీద ఉన్నాయి. పలక మీద దిద్దిన 'వ'ని గోడ మీద గుర్తుపట్టడమే వాళ్లకు మొదటి పరీక్ష.

అంటే ఆ పెయింటరు తెలియకుండానే మాస్టారు పనిచేశాడు. అతని చెయ్యి సరిగా ఉంటే ఊరికి అక్షరం సరిగా వచ్చింది.

నొక్కడం వేరు, ఒదగడం వేరు

1990ల్లో నందిగామ, జగ్గయ్యపేటల్లాంటి పట్టణాలకు డీటీపీ సెంటర్లు వచ్చాయి. పేజ్‌మేకరు, అను ఫాంట్లు. 2000 తర్వాత ఫ్లెక్సీ. ఫొటో, పేరు, పది రంగులు... గంటలో చేతికొస్తుంది. పెయింటరు గోడకు సున్నం కొట్టేలోపే ఫ్లెక్సీ కట్టేస్తారు. చవక కూడా. బతుకుతెరువు వెతుక్కుంటూ చాలామంది కుంచె పక్కన పెట్టారు. కొందరు ఇళ్లకు రంగులేసే పనికి పోయారు. కొందరు తామే కంప్యూటరు ముందు కూర్చున్నారు.

కొత్తది వచ్చినప్పుడు పాతది పోవడం సహజమే. దాన్ని తప్పుపట్టాల్సింది లేదు. కానీ ఒక నష్టం మాత్రం కళ్లముందే ఉంది. ఇరుకు చోటు సమస్య ఫ్లెక్సీలోనూ ఉంది. 'జన్మదిన శుభాకాంక్షలు' అన్న మాట ఎక్కడైనా పొడుగే. అప్పుడు కంప్యూటరు మీద చేసేదేమిటి? అక్షరాల వరసను మౌసుతో పట్టుకుని పక్కల నుంచి నొక్కేస్తారు. నూరుపాళ్ల వెడల్పు అరవైకి వస్తుంది. దాంతో నిలువు గీతలు సన్నబడతాయి, అడ్డగీతలు మందంగానే మిగిలిపోతాయి. గుండ్రటి 'ర' చుట్టూ ఒకచోట లావు, ఒకచోట బక్క. వాలు కావాలంటే ఒక నొక్కు నొక్కి పక్కకు తోస్తారు. అన్నీ కలిపి ఒకే కోణంలో కూలబడతాయి. వత్తులు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. దూరం నుంచి చూస్తే జకారమో, బకారమో తెలియదు.

పెయింటరు చేసింది ఇది కాదు. అతడు అక్షరాన్ని నొక్కలేదు. అక్షరం ఒదిగేలా చేశాడు. ఏది తగ్గాలో, ఏది తగ్గకూడదో ఒక్కో అక్షరం దగ్గర నిర్ణయం తీసుకున్నాడు. యంత్రానికి ఇచ్చింది కొలత. చేతికి ఉన్నది విచక్షణ. పాత గోడరాతను ఇవాళ ముచ్చటగా చూసేవాళ్లకు నచ్చేది రంగు వెలిసిన పాతదనం అనుకుంటాం కానీ, నిజానికి నచ్చేది ఆ విచక్షణే.

చట్టాలూ కొంత మార్చాయి. బహిరంగ స్థలాల్ని పాడుచెయ్యకుండా 1997లో రాష్ట్రం చట్టం తెచ్చింది. ఎన్నికల సంఘం నిబంధనలతో ఓట్ల గోడరాతలూ తగ్గాయి. ఇంటాయన్ని అడక్కుండా రాత్రికి రాత్రి గోడ నింపేసే బెడద తగ్గినందుకు సంతోషించినవాళ్లూ ఉన్నారు. మరోవైపు ప్లాస్టిక్ బెడద వల్ల ఫ్లెక్సీలను నిషేధిస్తున్నట్టు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 ఆగస్టులో ప్రకటించింది. బట్ట బ్యానర్లకు మళ్లీ రోజులొస్తాయేమోనని అప్పట్లో మాట వినిపించింది. ఆ తర్వాత అమలు గడువు వాయిదా పడింది. చిత్రం ఏమిటంటే అదే ఏడాది జిల్లా పేరు మారి, ఎన్నో బోర్డుల మీద 'కృష్ణా' పోయి 'ఎన్టీఆర్' రావాల్సి వచ్చింది. రెండక్షరాల చోట నాలుగు. పొల్లు అదనం. మళ్లీ అదే ఇరుకు లెక్క!

పేరు చెక్కుకున్న పనివాడు

వీరులపాడు నుంచి నందిగామ మీదుగా హైదరాబాదు రోడ్డెక్కి చిల్లకల్లు దాటితే జగ్గయ్యపేట. పాత పేరు బేతవోలు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి జగ్గయ్య పేరుమీద ఊరికి ఈ పేరొచ్చింది. ఊరి పక్కన గుట్టమీద ధనంబోడు అనే చోట బౌద్ధస్తూపం ఆనవాళ్లున్నాయి. 1882లో జేమ్స్ బర్జెస్ ఇక్కడ తవ్వకాలు జరిపించాడు. మాంధాత చక్రవర్తి కొలువుదీరిన ప్రసిద్ధ శిల్పఫలకం ఇక్కడ దొరికిందే. ఇప్పుడది చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది.

శిల్పం గురించి చాలామందికి తెలుసు. అక్షరాల గురించి తెలిసినవాళ్లు తక్కువ. స్తూపం తూర్పు ద్వారం దగ్గరి ఆయక స్తంభాల మీద ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో శాసనాలున్నాయి. ఇక్ష్వాకు రాజు మాఠరీపుత్ర వీరపురుషదత్తుడి ఇరవయ్యో పాలనా సంవత్సరం. అంటే క్రీస్తుశకం మూడో శతాబ్దం. ఆ అక్షరాల్ని చూస్తే ఆశ్చర్యమేస్తుంది. నిలువు గీతలు మామూలుకంటే ఎన్నో రెట్లు సాగి, చివర్లో సొగసుగా వంపు తిరుగుతాయి. అక్షరం శరీరం చిన్నది, సన్నది. కాళ్లు మాత్రం బారెడు. పొడుగు, సన్నం, వంపు... అలంకారం కోసం అక్షరాన్ని నిలువుగా సాగదియ్యడం ఈ గడ్డమీద దాదాపు 1,700 ఏళ్ల కిందటే జరిగింది. బస్సుబోర్డు పెయింటరుకు చోటు చాలక సాగదీశాడు. ఆ శిల్పికి రాయి నిండా చోటున్నా సాగదీశాడు. కారణం వేరు, చెయ్యి చేసిన పని మాత్రం చుట్టరికం ఉన్నదే.

ఇంతకీ ఆ స్తంభాలు ఎవరు ఇచ్చారు? రాజు కాదు, వర్తకుడు కాదు. పనివాడు! కమ్మకరఠానికి చెందిన సిద్ధార్థుడు. తండ్రి నాకచందుడు కూడా పనివాళ్ల పెద్దే. వెలగిరిలో బుద్ధభగవానుడి మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర అయిదు ఆయక స్తంభాల్ని నిలబెట్టించానని శాసనంలో చెప్పుకున్నాడు. తన పేరొక్కటే రాసుకోలేదు. తల్లి నాగిలని, భార్య సముదని, కొడుకు, కూతురు, సోదరుడు, అతని కుటుంబం... అందరి పేర్లూ రాతిలోకి ఎక్కించాడు. 'సకల జీవుల హితం కోసం, సుఖం కోసం' అన్న భావంతో ముగించాడు.

అదే స్తూపం దగ్గర కొన్ని శతాబ్దాల తర్వాతి శాసనం ఇంకోటి దొరికింది. నాగార్జునాచార్యుడి శిష్యపరంపరలోని చంద్రప్రభుడు బుద్ధప్రతిమను ప్రతిష్ఠించిన సంగతి అందులో ఉంది. ఈసారి అక్షరాలు పొడుగు తగ్గి, గుండ్రదనం వైపు మళ్లాయి. మన ఇప్పటి తెలుగు అక్షరం నడిచొచ్చిన దారిలో రెండు మైలురాళ్లు ఒకే గుట్టమీద ఉన్నాయన్నమాట. అక్షరం ఎప్పుడూ ఒకేలా లేదు. గంటం వచ్చినప్పుడు గుండ్రబడింది. సీసం వచ్చినప్పుడు నిటారుగా నిలబడింది. రేకుబోర్డు వచ్చినప్పుడు వాలింది.

మూలన చిన్న సంతకం

గోడరాతల్లోనూ పనివాడి పేరుంటుంది. కుడివైపు అట్టడుగున, బెత్తెడు చోటులో ఇంటిపేరో, దేవుడి పేరో పెట్టి చివర 'ఆర్ట్స్' అని. గోడకు అదే మొదట చెరిగిపోయే చోటు. వాన చినుకులు నేలను తాకి చిందినప్పుడు బురద తగిలేది అక్కడే. పశువులు ఒళ్లు రుద్దుకునేది అక్కడే. ప్రకటన రెండేళ్లుంటే సంతకం ఒక్క వానాకాలం.

ఢిల్లీలో హనీఫ్ కురేషీ అనే కళాకారుడు ఈ లోటును పట్టించుకున్నాడు. వీధి పెయింటర్ల చేత అక్షరాలు రాయించి, వాటిని కంప్యూటరు ఫాంట్లుగా మార్చే పని మొదలుపెట్టాడు. ఆ ఫాంట్లకు పెట్టిన పేర్లు ఆ పెయింటర్లవే... పెయింటర్ కఫీల్, పెయింటర్ ఉమేశ్ అని. 2024లో కురేషీ చనిపోయాడు. ఆ పేర్లు మాత్రం ఫాంట్ల జాబితాలో ఉన్నాయి.

తెలుగులోనూ పని జరగకపోలేదు. సిలికానాంధ్ర చొరవతో పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన ఫాంట్లు ఉచితంగా అందుబాటులోకి వచ్చాయి. వాటిలో ధూర్జటి, సూరన్న లాంటి కవుల పేర్లున్నాయి. కృష్ణా జిల్లాకే చెందిన మండలి వెంకటకృష్ణారావు జ్ఞాపకంగా 'మండలి' ఉంది. ఎన్టీఆర్ పేరుతోనూ ఒకటుంది. ముంబయికి చెందిన ఎక్ టైప్ సంస్థ 'బలూ తమ్ముడు' అనే బొద్దు అక్షరాలు తెచ్చింది. అదే సంస్థ 2022లో తెచ్చిన 'అనేక్ తెలుగు'లో అక్షరం వెడల్పును ఇరుకు నుంచి విశాలం దాకా మార్చుకోవచ్చు. వెడల్పు మారినా గీతలు బక్కచిక్కకుండా ముందే గీసిపెట్టారు. అంటే గోడ పెయింటరు కుంచెతో చేసిన ఆలోచననే ఈసారి కంప్యూటరుకు నేర్పారు. నొక్కడం కాదు, ఒదగడం.

ఇక మిగిలింది మన వాలు అక్షరం. మెట్టప్రాంతపు గోడల మీద, బస్సుబోర్డుల మీద ఉన్న ఆ పొడుగు, సన్నటి, ముందుకు వంగిన చేతిరాతను ఫోనుతో ఫొటో తీసి పెట్టడానికి ఖర్చేమీ లేదు. ఊరు, తేదీ, రాసినవారి పేరు పక్కన రాసిపెడితే చాలు. రేపు ఎవరో ఒకరు దాన్ని ఫాంటుగా మలిచినప్పుడు, పేరేం పెట్టాలో తెలుస్తుంది.

ఈ పని జగ్గయ్యపేటకు కొత్తేమీ కాదు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి కొయ్య విగ్రహాల్ని రెండేళ్లకోసారి ఎడ్లబండ్ల మీద ఊరేగింపుగా జగ్గయ్యపేట రంగుల మండపానికి తెస్తారు. అక్కడ కొత్త రంగులద్దుకుని అమ్మవారు మళ్లీ తన ఊరికి బయల్దేరుతుంది. రంగు వెలుస్తుందని ఇక్కడివాళ్లకు తెలుసు. వెలిసినప్పుడు మళ్లీ వెయ్యాలనీ తెలుసు. వెయ్యడానికి చెయ్యి మిగలాలి, అంతే.

నందిగామ నుంచి బయల్దేరిన బస్సు పత్తిచేల మధ్య నుంచి వీరులపాడు చేరుతుంది. ముసలమ్మ సంచీతో దిగుతుంది. బస్సు వెనక్కి తిరిగాక కండక్టరు అద్దం దగ్గరికొచ్చి రేకును తిరగేసి పెడతాడు. వెనకవైపు కూడా అదే చెయ్యి, అదే వాలు... ఈసారి 'నందిగామ'.